ఆవకాయ పెట్టే ముందు కారం, ఆవాలు, నూనె విషయంలో జాగ్రత్తలు

మామిడికాయ టెంక కట్టే రోజులు రాగానే ఏడాదికి సరిపడా కారం, ఆవాలు, నూనె ఒకేసారి కొంటారు. గిరాకీ పెరిగిన ఆ వారాల్లోనే చౌక పదార్థాలు కలిపిన సరుకు కూడా బజారులోకి చేరుతుంది. కూరలో పడే చెంచాడు కారంలా కాక, పచ్చడిలో కలిసిన కల్తీ, నూనెలో నానుతూ ఏడాది పొడవునా, పిల్లల కంచాల్లోకి సైతం వస్తుంది. అందుచేత కారాన్ని, ఆవపిండిని పొడిగా కాక కాయగా, గింజగా కొని పట్టించుకోవడమే అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త అని గట్టిగా చెబుతాను.

కారంలో బరువు కోసం ఇటుక పొడి, ఊక, రంపపు పొట్టు వంటివి కలుపుతారు. వాటివల్ల తగ్గిన ఎరుపును కప్పిపుచ్చడానికి రంగు వేస్తారు. గ్లాసు నీళ్లలో చెంచాడు కారం వేసి, అడుగున చేరిన మడ్డిని వేళ్లతో నలిపినప్పుడు గరగరలాడితే ఇటుక పొడి గాని ఇసుక గాని ఉన్నట్టు. తెల్లగా, సబ్బులా జారితే బలపపు రాయి పొడి అని అనుమానించాలి. నీటిపై చల్లిన కారం నుంచి రంగు చారలుగా కిందికి దిగితే అది నీటిలో కరిగే కృత్రిమ రంగు. అయితే ఈ పరీక్షలో నెగ్గిన కారాన్ని నిశ్చింతగా నమ్మకూడదు. ఆహారంలో నిషేధించిన సుడాన్ రంగులు నీటిలో కాక నూనెలో కరుగుతాయి కనుక గ్లాసు నీళ్లకు దొరకవు, ప్రయోగశాలలోనే బయటపడతాయి. 2005లో బ్రిటన్‌లో వందలాది ఆహార ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి రప్పించింది కారంలో కలిసిన సుడాన్-1 రంగే.

ఎరుపు కావాలనుకునేవారు బ్యాడిగి మిరపకాయలు గాని వరంగల్ చపాటా మిరపకాయలు గాని తీసుకుని, ఘాటు కోసం తేజ రకం కలుపుకుంటే రంగు పొడి అవసరమే రాదు. తొడిమలు తీసి, బాగా ఎండబెట్టి మరకు తీసుకెళ్లాలి. అంతకుముందు పట్టిన సరుకు మరలో మిగిలి ఉంటుంది కనుక మొదట వచ్చే పిడికెడు పొడిని పక్కన పెట్టించాలి. ప్యాకెట్ కారమే కొనక తప్పకపోతే చీటీ చదవాలి: నిబంధనల ప్రకారం, చీటీపై తెలిపి, 2 శాతం వరకు వంటనూనె కలపవచ్చు గాని రంగు మాత్రం కలపరాదు.

ఆవకాయలో ఆవపిండి పచ్చిగానే పడుతుంది కనుక ఆవాలను పళ్లెంలో పరిచి చూడాలి. ఆవగింజ నున్నగా ఉండి, నలిపితే లోపల పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఆవాల్లో కల్తీగా కలిసే బలురక్కసి (ఆర్జిమోన్ అనే ముళ్ల కలుపుమొక్క) గింజ గరుకుగా, నల్లగా ఉండి లోపల తెల్లగా ఉంటుంది. దానిలోని విషం వల్ల కాళ్లు వాస్తాయి, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో బలురక్కసి నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా మరణించారు. అందుకే ఈ ఒక్క పరిశీలనను ఎంత తొందరలో ఉన్నా మానకూడదు.

పప్పునూనెకు, అంటే నువ్వుల నూనెకు, ధరే మొదటి పరీక్ష. గానుగలో కిలో నూనెకు సుమారు రెండున్నర కిలోల నువ్వులు పడతాయి కాబట్టి, తెలకపిండి విలువ తీసివేసిన తరువాత కూడా ఆ నువ్వుల ఖరీదు కంటే చాలా తక్కువకు అమ్మే నూనెలో మరో నూనె కలిసిందని అనుకోవాలి. డబ్బాపై మిశ్రమ నూనె అని ఉంటే ఏ నూనె ఎంత శాతమో చూడాలి. విడిగా కొలిచి పోసే నూనెను కొనవద్దు.

అనుమానం తీరకపోతే, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారే రుసుము చెల్లించి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు; పరీక్షకు పంపుతున్నట్టు కొనే సమయంలోనే దుకాణదారుకు చెప్పాలి, బిల్లు భద్రపరచాలి. ఫలితం వచ్చేవరకు ఆ సరుకును జాడీలో కలపకూడదు.