వారం మూట – ఆరో పాఠం: ఒక విశేషానికి ఒక్క అంకె

ఊళ్ల విశేషాలు ఏరి వారానికో మూటగా రాయడం ఈ పాఠాల పని. పోయిన పాఠంలో విశేషణాలు మానేసి కొలతలు రాయమన్నాను. ఆ మాట ఇంత గట్టిగా పట్టుకుంటారని అనుకోలేదు. "అద్భుతమైన", "అపురూపమైన" అన్నీ మాయమయ్యాయి, మంచిదే. కానీ వాటి చోట్లో వచ్చి కూర్చున్నవి చూస్తే టెండరు నోటీసు చదువుతున్నట్టుంది. ఎక్కువమంది రాసిన తీరు ఇది:

"ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70, ఆనకట్ట 1855, బ్యారేజీ 1957, 2024 సెప్టెంబరు వరద 11.43 లక్షల క్యూసెక్కులు."

ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. చదివి కాగితం పక్కన పెట్టాక ఒక్కటీ గుర్తుండదు, అంతే. తప్పులో సగం నాది. కొలత ఎందుకు రాయాలో చెప్పాను గానీ ఎన్ని రాయాలో చెప్పలేదు. అందుకని ఈ వారం చెప్పాల్సిన పాఠాన్ని, అంటే విశేషాలను ఏ వరసలో పెట్టాలన్నదాన్ని, చివర్లో నాలుగు మాటలకు కుదించి, ముందు ఈ అంకెల సంగతి తేలుస్తాను.

పై వాక్యం ఒక విశేషం కాదు, నాలుగు విశేషాలను ఒకే సంచిలో కుక్కిన మూట. విప్పి చూద్దాం.

1855, 1957 పక్కపక్కన పడగానే చదివేవాడికి "ఇంతకీ కట్టింది ఎప్పుడు?" అన్న అనుమానం వస్తుంది. రెండూ నిజమే, కట్టడాలు వేరు. 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేసింది పాత ఆనకట్ట. దానికి 1952లో గండి పడింది. ఆ తర్వాత కట్టి 1957లో పూర్తి చేసింది ఇప్పుడు మనం బండి మీద దాటుతున్న బ్యారేజీ. చిత్రం ఏమిటంటే ఈ 1952ను ఎవరూ రాయలేదు. రాయాల్సిన అంకె అదొక్కటే. "1952లో పాత ఆనకట్టకు గండి పడకపోతే ఈ బ్యారేజీ ఇలా వచ్చేది కాదు" అంటే మొదలూ చివరా పాఠకుడే తెలుసుకుంటాడు.

11.43 లక్షల క్యూసెక్కుల సంగతి వేరు. పెద్ద అంకెను విప్పకుండా వదిలేస్తే అది కూడా విశేషణమే, "చాలా" అన్నదానికి బదులుగా నిలబడుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, లీటర్లలో 28 పైచిలుకు. ఇంటికి వేయించుకునే వాటర్ టిన్ను 20 లీటర్లది. లెక్క వేస్తే ఆ రోజు బ్యారేజీ దగ్గర సెకనుకు 16 లక్షల టిన్నుల నీళ్లు. ఈ లెక్క రాస్తే క్యూసెక్కుల అంకె కొట్టేయొచ్చు. రెండూ ఉంచుతామంటే మీ ఇష్టం. నేనైతే టిన్నులే ఉంచుతాను.

గేట్లు 70 అన్నది పనికొచ్చే అంకె. నడిచి దాటేవాడు లెక్కపెట్టుకోగలడు. పొడవు 1,223.5 మీటర్లు అన్నది కొట్టేయండి. అర మీటరు సంగతి ఎవరికి కావాలి?

ఎంచుకునే పద్ధతి ఇదే: పాఠకుడు తన కళ్లతోనో కాళ్లతోనో సరిచూసుకోగల అంకె ఒకటి ఉంచండి. మంగళగిరి గాలిగోపురం ఎత్తు 153 అడుగులు అని పుస్తకాల్లో ఉంటుంది. 11 అంతస్తులన్నదీ ఉంటుంది. నూట యాభై మూడు అడుగులు ఎవరి కంటికీ ఆనవు, పదకొండు అంతస్తులు మాత్రం తల పైకెత్తి వేలితో లెక్కపెట్టొచ్చు. లెక్క మధ్యలో ఒకసారి తప్పి మళ్లీ మొదలుపెడతాడు కూడా. ఆ కాసేపూ మీ విశేషం వాడి నెత్తిమీదే ఉన్నట్టు.

ఒక్కో విశేషానికి అరవై మాటలు, వారానికి ఏడు విశేషాలు, శీర్షిక చిన్నదిగా, ఊరి పేరు మొదటి వాక్యంలోనే. ఇవన్నీ మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను.

ఇక చిరాకు తెప్పించిన సంగతి. గుంటూరు నుంచి వచ్చిన రాతల్లో మిర్చి యార్డు ఎక్కడ కనిపించినా దాని ముందు "ఆసియాలోనే అతిపెద్ద" అని ఉంది. విశేషణాలు తీసేయమంటే అన్నీ తీసేసి దీన్ని మాత్రం వదిలేశారు, ఇది సమాచారం అనుకుని. ఇది సమాచారపు చొక్కా తొడుక్కున్న విశేషణం.

దేనిలో పెద్ద? స్థలంలోనా, రోజుకు దిగే టిక్కీల్లోనా (మిర్చి బస్తాను యార్డులో టిక్కీ అంటారు), ఏడాది లావాదేవీల్లోనా? ఏ నెలలో? కొత్త కాయ దిగే ఫిబ్రవరి, మార్చిల్లో యార్డు ఒకలా ఉంటుంది, శీతల గిడ్డంగుల సరుకు మీద నడిచే ఆగస్టులో మరోలా ఉంటుంది. ఏ ఏడాది లెక్క? ఎవరు కొలిచారు? తక్కిన దేశాల యార్డులన్నీ చుట్టి వచ్చిందెవరు? వరంగల్ వాళ్లు ఎనుమాముల మార్కెట్టుకూ ఆసియా మాట తగిలిస్తారు. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికైనా మీ దగ్గర జవాబు ఉంటే ఆ జవాబే రాయండి, అది విశేషం అవుతుంది. లేకపోతే మాట తీసేయండి.

యార్డు పెద్దదే, దానితో నాకు పేచీ లేదు. ఆ మాట చదివినవాడికి యార్డు కళ్లకు కట్టదు, అదీ గొడవ. కట్టాలంటే లోపల జరిగేది రాయాలి. రంగు పోయి తెల్లబారిన కాయను తాలు అంటారు. దాన్ని ఏరి వేరే టిక్కీకి ఎత్తుతారు, దానికి ధర కూడా వేరే పలుకుతుంది. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమంటాయి. తేమ ఉన్న కాయ మెత్తగా వంగుతుంది, మోగదు. ఆ తేమతోనే మూట కడితే లోపల బూజు పట్టి మంచి కాయను కూడా చెడగొడుతుంది. ఎండలు ముదిరే మే నెలలో బడిపిల్లలకు ఇచ్చినట్టు యార్డుకూ వేసవి సెలవులు ఇస్తారు. చూశారా, ఈ వాక్యాల్లో ఏది ఎత్తుకున్నా "ఆసియా" కంటే నయం. నన్ను ఎంచుకోమంటే సెలవుల సంగతి ఎంచుకుంటాను. రోజూ యార్డు ముందు నుంచి వెళ్లేవాళ్లలో కూడా చాలామంది దాన్ని పట్టించుకుని ఉండరు.

ఈ ఆసియా మాటకు బంధువులు చాలామంది. "వేల ఏళ్లనాటి ఉండవల్లి గుహలు" అని రాశారు. అవి క్రీ.శ. 4, 5 శతాబ్దాలవి, వెయ్యిన్నర ఏళ్ల పైమాట. "వేల" అనగానే ఇంకో వెయ్యి మీరే కలిపేసినట్టు. "మొట్టమొదటి" అన్నదీ అంతే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది అని రాస్తే చాలు, తొలి, మలి అక్కర్లేదు. తేదీ తెలిసినవాడికి "తొలి"తో పనేముంది?

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది "మన జాతీయ జెండా బెజవాడలో పుట్టింది" అన్న వాక్యం. ఊరి మీద ప్రేమతో రాస్తారు, కాదనలేం. జరిగింది ఇది: 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి ఒక జెండా నమూనా ఇచ్చారు. అందులో ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఉన్నాయి. తెలుపు తర్వాత చేరింది. రాట్నం పోయి ధర్మచక్రం వచ్చిన ఇప్పటి జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జూలై 22న. కాబట్టి "పుట్టింది" తీసేసి "తెలుపు లేని జెండా" అని మొదలుపెట్టండి. ఊరి గొప్ప ఏమీ తగ్గదు, పైగా చదివేవాడు తెలుపు ఎప్పుడు వచ్చిందా అని ఆగుతాడు.

ఒక్క మినహాయింపు. నమ్మకాన్ని నమ్మకంగా రాసేటప్పుడు ఈ గొడవ లేదు. మంగళగిరి పానకాలస్వామి పోసిన పానకంలో సగం తాగి సగం తిరిగి ఇస్తాడని భక్తుల నమ్మకం. "నమ్మకం" అన్నాక దానికి కొలత అడగరు. కానీ ఈ వెసులుబాటును యార్డుకు వాడి "ఆసియాలో అతిపెద్దదని ప్రతీతి" అని తప్పించుకోవద్దు. ప్రతీతి దేవుళ్లకు, దయ్యాలకు.

ఇప్పుడు రెండు విశేషాలు కట్టి చూద్దాం. మొదటిది రోజువారీది. వచ్చిన రూపం:

"గుంటూరు బ్రాడీపేటలో చిరునామాలు చాలా విచిత్రంగా ఉంటాయి. కొత్తవారు తికమకపడుతుంటారు."

దిద్దిన రూపం:

"శుభలేఖ మీద బ్రాడీపేట 4/14 అని ఉంటే డోరు నంబరు అనుకుని వెతకొద్దు. గీతకు ముందున్నది లైను, తర్వాతది అడ్డరోడ్డు. నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసేచోట ఆటో దిగితే పెళ్లివారిల్లు అక్కడక్కడే. పక్కనున్న అరండల్‌పేటలోనూ ఇదే లెక్క."

విచిత్రం అన్న మాట లేకుండానే విచిత్రం తెలిసింది. అంకె ఒక్కటే, అదే విశేషం కూడా. శుభలేఖతో మొదలుపెట్టడం వల్ల చదివేవాడి చేతిలో ఒక కాగితం ఉంది, వెళ్లాల్సిన చోటు ఉంది. "కొత్తవారు తికమకపడతారు" అని వేరే చెప్పక్కర్లేదు, వాడే ఒక క్షణం తికమకపడి తేరుకున్నాడు.

రెండోది కొండపల్లి బొమ్మ. దీనికి సరుకు ఎక్కువ, అందుకే ఎక్కువమంది ఇక్కడ బోల్తా పడ్డారు. తెల్లపొణికి కర్ర తేలిక, దాన్ని బాగా ఆరబెట్టకపోతే తర్వాత పగులుతుంది. ఒళ్లు, చేతులు, తొండం, చెవులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆరాక సున్నం పూత, దాని మీద రంగు. ఇవన్నీ నిజాలే, ఇవన్నీ రాస్తే మళ్లీ టెండరు నోటీసే. అందుకని నేను చేసే పని ఒకటుంది: వస్తువును తలకిందులు చేసి, ముందు కనపడని చోటు గురించే రాస్తాను.

"అంబారీ ఏనుగును కొనేముందు చెవి వెనక గోటితో తడమండి. చిన్న గట్టు తగులుతుంది. చెవి వేరే చెక్కి అతికించారు. అతికించింది ఫెవికాల్ కాదు, మక్కు: చింతగింజల ముద్ద, రంపపుపొట్టు. చెక్కేటప్పుడు రాలిన పొట్టు మళ్లీ ఏనుగులోకే వెళ్లింది."

దీంట్లో అంకె అసలు లేదు. ఒక్క అంకె అన్నది పైహద్దు, తప్పనిసరి కాదు. ఒకమాట: "ఫెవికాల్ కాదు" అని రాసేముందు ఆ బొమ్మ చేసినవాళ్లను అడగాలి. దుకాణంలో ఉన్న ప్రతి బొమ్మా పాత పద్ధతిలోనే చేస్తారన్న పూచీ లేదు. అడగడం కుదరకపోతే ఆ వాక్యం తీసేయండి, తక్కినదానికి ఏ లోటూ రాదు.

వరస గురించి నాలుగు మాటలు. ఈ ఆదివారమే వెళ్లి చూడగలిగేది మొదట. తిండి సంగతి మూడోదో నాలుగోదో. రెండు తిండి విశేషాలు పక్కపక్కన వద్దు, రెండోదానికి ఆకలి ఉండదు. గుడి విశేషం, వరద విశేషం ఒకదాని వెంట ఒకటి పెడితే లేని సంబంధం అంటుకుంటుంది. చివరిది అన్నిటికంటే చిన్నది. గురువారం రాత్రికి ఏరడం ఆపండి, శుక్రవారం సరిచూసుకోవడానికి, శనివారం రాయడానికి. శనివారం దొరికిన కొత్త విశేషం ఎంత ఊరించినా వచ్చే వారం మూటలోకే.

అభ్యాసం. ఈసారి బరువుగానే ఉంటుంది. ఒక చోటు ఎంచుకుని గంటసేపు ఉండండి: బాపు మ్యూజియం, పటమట రైతుబజారు, గుంటూరు మిర్చి యార్డు, ఏదైనా సరే. ఫోను జేబులోంచి తీయొద్దు. కాగితం మీద ఇరవై సంగతులు రాసుకోండి. అందులో ఐదు చెవితో విన్నవి, ఐదు చేత్తో తాకినవి అయి ఉండాలి. ఇంటికొచ్చి పదిహేడు కొట్టేయండి. మిగిలిన మూడింటిని అరవై మాటలకు మించకుండా రాయండి. అంకె ఉంటే దాన్ని రెండుచోట్ల సరిచూడండి, ఒకటి ఆ చోటే ఉన్న బోర్డో శాసనమో, రెండోది అచ్చైన పుస్తకం. అవి రెండూ కలవకపోతే అంకె తీసేయడమే.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, "ఏం గుర్తుంది?" అని అడగండి. మీరు ఉంచాలనుకున్నది కాక వేరేది చెబితే, వాళ్లు చెప్పిందే అసలు విశేషం. దాంతో మొదలుపెట్టి తిరగరాయండి. ఏమీ గుర్తులేదంటే వాళ్లమీద విసుక్కోవద్దు, రాసింది మీరు.

మిర్చి యార్డు ఎంచుకున్నవాళ్లు సెలవులేమో ముందు కనుక్కుని వెళ్లండి, వెంట రుమాలు తీసుకెళ్లండి. మొదటి పావుగంట తుమ్ములతోనే సరిపోతుంది, దాన్ని గంటలో లెక్కించకండి.