వెతికితే కేసు కనబడటం లేదా? చిన్న ఊరి కోర్టు రికార్డుల చిక్కులు, పరిష్కారాలు

మా మేనమామ ఎకరం పొలం కొనబోతూ నాకు ఫోన్ చేశాడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) తీయించాడట, తాకట్టు గానీ, అప్పు గానీ ఏమీ లేదట. "కోర్టు కేసేమైనా ఉందేమో నీ ఫోన్లో ఒకసారి చూడరా" అన్నాడు. అమ్మేవాళ్ల పేరు కొట్టి చూశాను, రికార్డు లేదని వచ్చింది. ఏమీ లేదు మామయ్యా అని చెప్పేశాను. అడ్వాన్సు ఇచ్చిన పది రోజులకు తెలిసింది, ఆ పొలం మీద అన్నదమ్ముల భాగపంపకం దావా నాలుగేళ్లుగా నడుస్తోందని. నేను వెతికిన జిల్లా తప్పు, సంవత్సరం తప్పు, స్పెల్లింగు కూడా తప్పే.

ఈసీలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు చేరిన లావాదేవీలే ఉంటాయి. కోర్టులో నడుస్తున్న దావా సాధారణంగా అందులో కనబడదు. కానీ దావా నడుస్తుండగా కొన్నవాళ్లను కూడా ఆ తీర్పు కట్టిపడేస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే. కొన్నవాడికి ఆ సంగతి తెలుసా తెలియదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. అందుకే వెతకడం సరిగ్గా వెతకాలి. "కనబడలేదు" అనే మాటకూ "లేదు" అనే మాటకూ మధ్య ఒక కుటుంబం జీవితకాలపు సంపాదన ఉంటుంది.

వెతకాల్సిన చోటు ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైట్, అదే పేరుతో ఉన్న మొబైల్ యాప్. డబ్బు కట్టనక్కర్లేదు, వకీలే చూడాలన్న నియమం లేదు. మండల కేంద్రంలోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి జిల్లా కోర్టు దాకా కేసులు అందులో ఉంటాయి. ఊళ్లో ఉన్నవాళ్లు ఎలా చూడగలరో, డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడి పొలం గురించి బెంగపడేవాళ్లూ అలాగే చూడగలరు.

సమస్య: పేరు కొడితే "రికార్డు లేదు" అని వస్తోంది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కారణం ఒక్కటి కాదు, మూడు నాలుగు కలిసి ఉంటాయి.

మొదటిది స్పెల్లింగు. మన పేర్లు కోర్టు కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. లక్ష్మి అన్న పేరును ఒకరు 'కె, ఎస్, హెచ్' వేసి రాస్తారు, ఒకరు 'ఎక్స్' వేసి తేల్చేస్తారు. సత్యనారాయణలో 'టి' తర్వాత 'హెచ్' ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వెంకటేశ్వర్లు కొన్ని కాగితాల్లో వెంకటేశ్వరరావు అవుతాడు. ఇంటిపేరు ముందో వెనకో, పూర్తిగానో పొడి అక్షరంగానో ఎలాగైనా ఉండొచ్చు. ఆధార్‌లో ఉన్న పేరును ఉన్నదున్నట్టు కొడితే దొరకకపోవడంలో వింతేమీ లేదు.

పూర్తి పేరు కొట్టకండి. పేరులో ఏ ముక్కను ఎవరు రాసినా ఒకేలా రాస్తారో ఆ ముక్క మాత్రమే కొట్టండి, కనీసం 3 అక్షరాలు ఉండాలి. ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి చూడండి. అమ్మే మనిషి పేరుతో ఆపేయకండి. వాళ్ల నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లతో కూడా చూడండి. భాగపంపకం దావాల్లో వాది చాలాసార్లు ఆడపడుచే అయి ఉంటుంది. ఆమె ఇంటిపేరు పెళ్లితో మారి ఉంటుందన్నది మర్చిపోవద్దు.

రెండోది సంవత్సరం. పేరుతో వెతికేటప్పుడు ఏ సంవత్సరమో తప్పనిసరిగా అడుగుతుంది. ఒక్క సంవత్సరం వేసి చూసి వదిలేస్తే మిగిలిన సంవత్సరాల కేసులు చూడనట్టే. పొలం కొనేవాళ్లయితే కనీసం పన్నెండేళ్లు వెనక్కి, ఒక్కో సంవత్సరం మార్చి చూడండి. విసుగ్గానే ఉంటుంది, గంట పడుతుంది. ఆ గంట పెట్టండి. ఇంకో మాట: 2019 డిసెంబరులో వేసిన దావాకు 2020లో నంబర్ పడొచ్చు. మీకు తెలిసిన సంవత్సరంతో దొరక్కపోతే పక్క సంవత్సరం చూడండి.

మూడోది చిన్న చుక్క. వెతికే పేజీలో పెండింగ్ (నడుస్తున్నవి), డిస్పోజ్డ్ (ముగిసినవి), బోత్ (రెండూ) అని మూడు ఉంటాయి, ఒకదాని పక్కన చుక్క పెట్టాలి. చుక్క 'పెండింగ్' దగ్గర ఉంటే ముగిసిన కేసులు రావు. ఎప్పుడూ 'బోత్' పెట్టండి.

నాలుగోది, ఫలితాల్లో మొదటి వాది, మొదటి ప్రతివాది పేర్లే పైకి కనబడతాయి. మీ మనిషి ఏడో ప్రతివాది అయితే ఆ వరస చూసి ఇది మనది కాదులే అనుకుంటారు. అనుమానం ఉన్న ప్రతి కేసునూ తెరిచి లోపలి పేర్లన్నీ చదవండి.

సమస్య: మా జిల్లా, మా కోర్టు జాబితాలోనే లేవు

రెవెన్యూ జిల్లాలూ కోర్టు జిల్లాలూ ఒకటి కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, కోర్టుల విభజన మాత్రం ఆ రోజు వాటితో పాటు జరగలేదు. చీరాల, బాపట్ల రెండూ ఇప్పుడు ఒకే బాపట్ల జిల్లాలో ఉన్నాయి కదా. కోర్టు లెక్కలో చీరాలను ప్రకాశం కింద, బాపట్లను గుంటూరు కింద వెతకాలి. కాబట్టి ఆంధ్రా వాళ్లు ముందు పాత ఉమ్మడి జిల్లా ఎంచుకోండి.

తెలంగాణలో దీనికి ఎదురు. 2022 జూన్ 2న అక్కడ 33 కోర్టు జిల్లాలు పని మొదలుపెట్టాయి. సూర్యాపేట కేసులు నల్లగొండ నుంచి, సిద్దిపేట కేసులు ఉమ్మడి మెదక్ నుంచి విడిపోయాయి. నడుస్తున్న కేసైతే కొత్త జిల్లాలో చూడండి. అంతకుముందే ముగిసిన కేసు కొత్త జిల్లాలో దొరక్కపోతే పాత జిల్లాలో కూడా చూడాలి. కోర్టు మారిన కేసుకు నంబర్ కూడా మారి ఉండొచ్చు.

జిల్లా తర్వాత కోర్టు కాంప్లెక్స్ అడుగుతుంది. ఒకే ఆవరణలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు వేర్వేరుగా ఉంటే, వేటిలో వెతకాలో ఇంకో జాబితా వస్తుంది. ఒక దానిలో వెతికి వచ్చేయకండి, ప్రతిదానిలోనూ చూడాలి. మన పెద్దలు మున్సిఫ్ కోర్టు అనేది ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టే. సబ్ కోర్టు అంటే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. "మా కేసు సబ్ కోర్టులో ఉంది" అని తాతగారు చెబితే ఆ పేరు జాబితాలో దొరకలేదని కంగారు పడొద్దు.

సమస్య: నంబర్ చేతిలో ఉంది, అయినా రావడం లేదు

చేతిలో ఉన్నది కేసు నంబర్ కాకపోవచ్చు. దావా దాఖలు చేయగానే ముందు ఎస్.ఆర్. నంబర్ వేస్తారు. లోపాలుంటే కాగితాలు రిటర్న్ చేస్తారు, సరిచేసి మళ్లీ వేశాక అసలు నంబర్ పడుతుంది. ఈ మధ్యలో "కేస్ నంబర్" గడిలో వెతికితే ఏమీ రాదు, "ఫైలింగ్ నంబర్" దారిలో చూడాలి.

లేదంటే రకం తప్పయి ఉంటుంది. ఓ.ఎస్. అంటే మామూలు సివిల్ దావా. ఐ.ఎ. అంటే ఆ దావాలో ఇంజంక్షన్ లాంటిది కోరుతూ వేసిన దరఖాస్తు. సి.సి. మెజిస్ట్రేట్ దగ్గర నడిచే క్రిమినల్ కేసు, ఎస్.సి. సెషన్స్ కేసు, ఎ.ఎస్. జిల్లా స్థాయి అప్పీలు, ఎం.సి. భరణం కేసు. నోటీసు మీద పెద్ద అక్షరాల్లో ఐ.ఎ. నంబర్ కనబడితే చాలామంది అదే కేసు నంబర్ అనుకుంటారు. దాని కింద "ఇన్" అని ఉండి ఓ.ఎస్. నంబర్ ఉంటుంది, వెతకాల్సింది దానితో.

అన్నిటికన్నా నమ్మకమైనది సి.ఎన్.ఆర్. నంబర్, అంటే ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబర్. 16 గుర్తులు: మొదటి నాలుగూ ఇంగ్లీషు అక్షరాలు, రాష్ట్రానికి రెండు, జిల్లాకు రెండు. తర్వాతి రెండు కోర్టుకు. చివరి పదీ అంకెలే, వాటిలో ఆరు వరస సంఖ్య, నాలుగు దాఖలు చేసిన సంవత్సరం. మధ్యలో గీతలు, ఖాళీలు పెట్టకూడదు. చివరి పదింటిలో సున్నా బదులు 'ఓ' అక్షరం కొడితే రాదు. మీ వకీలును ఫీజు గురించి అడిగే రోజే ఈ నంబర్ కూడా అడిగి రాసుకోండి. యాప్‌లో 'మై కేసెస్'లో దాచుకుంటే ప్రతిసారీ వెతికే పని ఉండదు. వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి కూలి పని మానుకుని, బస్సెక్కి కోర్టుకొచ్చి, గుమాస్తా చేతిలో వంద పెట్టి వెళ్లేవాళ్లను నేను చూశాను. ఆ తేదీ వాళ్ల ఫోన్లోనే ఉంది.

సమస్య: కేసు "డిస్పోజ్డ్" అని ఉంది, కానీ అమీన్ (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) ఇంటికొచ్చాడు

ఓ.ఎస్. ముగిసింది, డిక్రీ వచ్చింది. ఆ డిక్రీని అమలు చేయించుకోవడానికి గెలిచినవాళ్లు ఇ.పి. (అమలు పిటిషన్) వేస్తారు. దానికి వేరే నంబర్, వేరే సంవత్సరం. డబ్బు వసూలుకైనా, స్వాధీనానికైనా డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు ఉంది కాబట్టి ఎప్పుడో ముగిసిన దావా నుంచి ఇప్పుడు ఇ.పి. పుట్టొచ్చు. పొలం జప్తు అయ్యేది కూడా అందులోనే. అందుకే ముగిసిన ఓ.ఎస్. కనబడిన ప్రతిసారీ అవే పేర్లతో ఇ.పి., ఎ.ఎస్. ఉన్నాయేమో తర్వాతి సంవత్సరాల్లో చూడండి.

మీకు సమన్లే అందకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు హాజరు కాకుండానే ఇచ్చిన డిక్రీ) అయిపోయిందని ఈ వెతుకులాటలో బయటపడితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. దాన్ని రద్దు చేయమని అడగడానికి డిక్రీ తేదీ నుంచి, సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి, 30 రోజులే గడువు. వెంటనే వకీలు దగ్గరకు వెళ్లండి. స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

సమస్య: వాయిదా తేదీ దాటిపోయింది, కొత్తది పడలేదు

జడ్జిగారు సెలవులో ఉండొచ్చు, పోస్టు ఖాళీగా ఉండి ఇన్‌ఛార్జి కోర్టు నడుస్తూ ఉండొచ్చు, లేదా సిబ్బంది ఇంకా ఎక్కించి ఉండకపోవచ్చు. ఆ సాయంత్రం, మర్నాడు మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే 'కాజ్ లిస్ట్' (ఏ రోజు ఏ కేసులు విచారణకు వస్తాయో చెప్పే జాబితా) చూడండి, లేదా ఆ కోర్టు బెంచ్ క్లర్క్‌ను అడగండి. పెద్ద కోర్టు ఆవరణల్లో ఈ-సేవా కేంద్రం ఉంటుంది, అక్కడ కూడా చెబుతారు.

సమస్య: కేసు ఉంది, ఆర్డర్ కాగితం తెరుచుకోదు, పేర్లు కూడా లేవు

విడాకులు, పిల్లల మీద లైంగిక నేరాలు, అత్యాచారం లాంటి కేసుల్లో పేర్లు, కాగితాలు బయటపెట్టరు. బాధితుల కోసం చట్టం పెట్టిన రక్షణ అది. దాన్ని దాటి వెతకాలని చూడొద్దు. మిగతా కేసుల్లో ఆర్డర్ లేకపోతే ఇంకా ఎక్కించలేదని అర్థం, సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) కోసం దరఖాస్తు పెట్టుకోవాలి.

సమస్య: అన్నీ చూశాం, ఎక్కడా లేదు

అది ఆ కోర్టుల కేసే కాకపోవచ్చు. హైకోర్టు కేసులకు వేరే వెబ్‌సైట్ ఉంది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాల హైకోర్టులూ వేరు కాబట్టి ఏ రాష్ట్రమో కూడా చూసుకోండి. తహసీల్దారు, ఆర్డీఓ దగ్గర నడిచే పట్టా తగాదాలు ఈ-కోర్ట్స్‌లో ఉండవు, ఆ ఆఫీసులోనే అడగాలి. వినియోగదారుల కమిషన్‌ది ఇంకో దారి.

లేదా కేసు కంప్యూటర్ల కంటే పాతది. అప్పుడు కోర్టుకు వెళ్లడమే మార్గం. దావా నంబర్, సంవత్సరం తెలిస్తే సూట్ రిజిస్టర్లో చూస్తారు. పాత దస్తావేజుల్లో "ఫలానా ఓ.ఎస్. డిక్రీ ప్రకారం" అన్న వాక్యం ఉంటుంది, నంబర్ అక్కడే దొరుకుతుంది. పాత కేసు కాగితాలన్నీ శాశ్వతంగా ఉంచరు, గడువు దాటినవాటిని నియమాల ప్రకారం తీసేస్తారు. అందుకని ఫైలు లేదంటే, తీర్పు, డిక్రీ ఉన్నాయా అని విడిగా అడగండి.

సమస్య: కాపీ ఇవ్వబోమంటున్నారు

కేసులో మీరు పార్టీ (వాది లేదా ప్రతివాది) అయితే కాపీ మీ హక్కు. పార్టీ కాకపోతే ఎందుకు కావాలో అఫిడవిట్ రాసి, కోర్టు అనుమతితో తీసుకోవాలి. "ఈ పొలం కొనబోతున్నాను, అగ్రిమెంటు ఇదిగో" అని కాగితం చూపిస్తే కారణం బలంగా ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటారు కొందరు. కోర్టు నియమాల్లో కాపీకి దారి ఉన్నప్పుడు ఆ దారినే వెళ్లాలని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో చెప్పింది. ఆ దరఖాస్తు మీద నెలలు పోగొట్టుకోవద్దు.

దరఖాస్తు పెట్టి ఇంటికెళ్లి కూర్చోవడం ఇంకో పొరపాటు. ఎన్ని పేజీలో లెక్కగట్టి, ఎంత విలువ స్టాంపులు కావాలో కాపీయింగ్ సెక్షన్ నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటి నుంచి మొదలు. రెండు మూడు రోజులకోసారి ఆ బోర్డు చూడండి, దూరమైతే ఆ ఊళ్లో ఎవరికైనా అప్పజెప్పండి. కాపీ చేతికొచ్చాక వెనక ముద్ర చూడండి: దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ ఉంటాయి. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. కాపీ తయారీకి పట్టిన కాలాన్ని ఆ గడువులోంచి మినహాయిస్తారు, అదెంతో తేల్చేది ఆ ముద్రలోని తేదీలే. తేదీలు సరిగ్గా వేశారో లేదో కౌంటర్ దగ్గరే చదువుకుని, తప్పుంటే అక్కడే సరిచేయించుకుని బయటికి రండి.