సీఆర్‌పీ రిపోర్టును చదవడం ఎలా

జ్వరమో కీళ్లనొప్పులో తగ్గనప్పుడు డాక్టరు రాసే రక్తపరీక్షల్లో సీఆర్‌పీ, అంటే సి-రియాక్టివ్ ప్రొటీన్, తరచుగా కనిపిస్తుంది. న్యుమోనియా రోగుల రక్తంలో 1930లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు గుర్తించిన ఈ ప్రొటీన్‌ను ముఖ్యంగా కాలేయం తయారుచేస్తుంది. రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థం అందుకు పురికొల్పుతుంది. కనుక ఈ పరీక్ష రక్షణ వ్యవస్థ క్రియాశీలమైందని తెలుపుతుందే తప్ప, కారణమేమిటో, శరీరంలో ఏ భాగమో చెప్పదు.

రిపోర్టు అందగానే అంకె కన్నా ముందు దాని పక్కనున్న యూనిట్‌ను చూడాలి. కొన్ని ల్యాబులు లీటరుకు, మరికొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో లెక్క ఇస్తాయి. మొదటిదానిలో 12 అయినది రెండోదానిలో 1.2 అవుతుంది. ఇది గమనించకుండా రెండు ల్యాబుల రిపోర్టులను పోల్చి బెంబేలెత్తడమో, అకారణంగా ఊరట చెందడమో జరుగుతుంది. సాధారణ పరిమితిని చాలా ల్యాబులు లీటరుకు 5 లేదా 10 మిల్లీగ్రాముల లోపుగా పేర్కొంటాయి.

తరువాత చూడవలసినది సమయం. సమస్య మొదలైన 6 నుంచి 8 గంటలకు సీఆర్‌పీ పెరగసాగి, సుమారు 48 గంటలకు గరిష్ఠానికి చేరుతుంది. ప్రేరణ ఆగిపోయాక దాదాపు 19 గంటలకొకసారి సగమవుతుంది. అందువల్ల జ్వరం వచ్చిన తొలి గంటల్లోనే చేయించిన పరీక్ష మామూలుగా ఉండవచ్చు. అలాగే 120 నుంచి దిగిన 60, 20 నుంచి ఎక్కిన 60 ఒకే అంకె అయినా వాటి అర్థాలు పూర్తిగా వేరు. నా దృష్టిలో ఒంటరి రిపోర్టు కన్నా వరుసగా తీసిన రెండు రిపోర్టులే ఎక్కువ విలువైనవి.

లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటితే తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌ను అనుమానిస్తారు గాని, పెద్ద గాయాలు, శస్త్రచికిత్సలు కూడా దాన్ని బాగా పెంచగలవు. ఊబకాయం, ధూమపానం కొద్దిగా పెంచుతాయి. తక్కువగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు: రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడిచేసే లూపస్ జబ్బు ఉధృతంగా ఉన్నా కొందరిలో ఇది అంతగా పెరగదు, కాలేయం బాగా దెబ్బతిన్నవారిలోనూ ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు తీసుకునేవారిలోనూ అణగి ఉంటుంది.

దీనితోపాటు రాసే ఈఎస్‌ఆర్ (ఎర్ర రక్తకణాలు ఎంత వేగంగా అడుగుకు దిగుతాయో కొలిచే పరీక్ష) నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. రక్తహీనత, గర్భం, వయసు వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి హిమోగ్లోబిన్‌తో కలిపి చదవాలి. హెచ్‌ఎస్-సీఆర్‌పీ (చాలా తక్కువ మోతాదులనూ కొలవగల సీఆర్‌పీ పరీక్ష) గుండెజబ్బు ముప్పును అంచనా వేయడానికి ఉద్దేశించినది. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో దాన్ని చేయించడం డబ్బు దండగ.

డాక్టరును కలిసేటప్పుడు పాత రిపోర్టులు, లక్షణాలు మొదలైన తేదీ, వాడుతున్న మందుల పేర్లు వెంట తీసుకువెళ్లాలి. అంకె ఎక్కువగా ఉందని ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌లను సొంతంగా వేసుకోకూడదు.