నలుగురిలో జంకే పిల్లలకు థెరపీ: తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి, చేయవలసినవి

పిల్లలు తక్కువగా మాట్లాడటం ఒక్కటే థెరపీకి కారణం కాదు. నెమ్మదస్తులైన పిల్లలు చాలామంది తమకు నచ్చిన ఇద్దరు ముగ్గురు స్నేహితులతో హాయిగా గడుపుతారు, అడిగిన దానికి సమాధానం చెబుతారు. వారిని మార్చవలసిన పని లేదు. కానీ తెలిసిన జవాబు కూడా తరగతిలో చెప్పలేకపోవడం, పరీక్ష అనగానే కడుపునొప్పి రావడం, ‘నా వల్ల కాదు’ అంటూ ఇష్టమైన ఆటను సైతం వదిలేయడం వంటివి వారాల తరబడి కొనసాగుతుంటే ఆలస్యం చేయకూడదు. ముందుగా పిల్లల డాక్టరుకు చూపించి శారీరక సమస్య ఏమీ లేదని నిర్ధారించుకోవాలి. చదువులో వెనకబడుతున్న పిల్లలకు చూపు, వినికిడి, డిస్లెక్సియా (తెలివితేటలు ఉన్నా అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది) పరీక్షలు కూడా చేయించడం అవసరం. చదవడమే కష్టమవుతున్న పిల్లవాడికి ధైర్యం ఎంత నూరిపోసినా ప్రయోజనం ఉండదు.

ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది తరువాతి ప్రశ్న. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివారికీ ఒకే స్థాయి శిక్షణ ఉండదు. మాటలు, సాధనల ద్వారా థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు అవసరమా అన్నది తేల్చవలసింది సైకియాట్రిస్ట్, అంటే మానసిక వైద్యుడు. రిజిస్ట్రేషన్ నంబరు, పిల్లలతో పనిచేసిన అనుభవం అడగడానికి మొహమాటపడవద్దు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే థెరపిస్టుతో మాట్లాడగలగడం చాలా ముఖ్యం. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన, ఫోన్‌లో మానసిక సమస్యలకు సలహా ఇచ్చే ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడే సౌకర్యం ఉంది.

థెరపీ అంటే మంచి మాటలు చెప్పి పంపించడమని చాలామంది అనుకుంటారు. ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఎలా ఏర్పడుతుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించారు. తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవమే దానికి అన్నిటికన్నా బలమైన ఆధారమని, ఇతరుల ప్రోత్సాహం అంతకంటే బలహీనమైనదని ఆయన చెప్పారు. అందుకే మంచి థెరపిస్టు పొగడ్తలతో సరిపెట్టరు. భయపడే పనిని పిల్లలు చేయగలిగినంత చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ వారి చేతనే చేయిస్తారు.

తరగతిలో నోరు విప్పని ఎనిమిదో తరగతి అమ్మాయినే తీసుకుందాం. థెరపిస్టు ఆమెతో కూర్చుని భయపెట్టే సందర్భాలను రాయించి, ఒక్కొక్కదానికి ఎంత భయమో సున్నా నుంచి 10 వరకు ఆమె చేతనే మార్కులు వేయిస్తారు. పక్క అమ్మాయిని పెన్సిల్ అడగడానికి 2, తరగతి అయ్యాక టీచరును ఒంటరిగా సందేహం అడగడానికి 4, కూర్చున్నచోటే పాఠంలో ఒక పేరా చదవడానికి 6, బోర్డు దగ్గరకు వెళ్లి లెక్క చేయడానికి 9 పడ్డాయనుకుందాం. సాధన 2 దగ్గర మొదలవుతుంది, దానిపై భయం బాగా తగ్గేవరకు మళ్లీమళ్లీ చేశాకే పై మెట్టుకు వెళ్లాలి. ప్రతి మెట్టుకు ముందు ఏం జరుగుతుందని భయపడుతోందో, తరువాత నిజంగా ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ‘గొంతు వణుకుతుంది, అందరూ నవ్వుతారు’ అని ముందు రాసుకున్న పేజీలోనే, ‘గొంతు వణికింది, ఒకరిద్దరు తిరిగి చూశారు, టీచరు తరువాతి పేరా ఇంకొకరికి ఇచ్చారు’ అని సాయంత్రం రాస్తుంది. ఆ రెండు వాక్యాల మధ్య తేడాను ఆమె స్వయంగా చూడటంలోనే థెరపీ బలమంతా ఉంది. ఈ సంగతి టీచరుకు ముందే చెప్పి, హఠాత్తుగా లేపి ప్రశ్నలు అడగవద్దని కోరడం తల్లిదండ్రుల బాధ్యత.

ఆరేడేళ్లలోపు పిల్లలకు ఈ రాతకోతలు పనికిరావు. వారితో బొమ్మలు, రంగులు, కథల ద్వారా పనిచేస్తారు. సగం శిక్షణ తల్లిదండ్రులకే ఉంటుంది.

ఇంటర్ పిల్లల సంగతి వేరు. ర్యాంకును బట్టి సెక్షన్ మారే చోట, వారం వారం పరీక్షల మధ్య, తన విలువంతా ఆ అంకెలోనే ఉందని పదహారేళ్ల వయసులో అనిపించడం సహజం. ఇక్కడ థెరపిస్టు ‘ఈ పరీక్ష పోయింది’ అన్న వాస్తవాన్ని ‘నేను దేనికీ పనికిరాను’ అన్న తీర్మానం నుంచి విడదీయడం నేర్పుతారు, నిద్రను, చదువు వేళలను సరిచేస్తారు. పిల్లలు చచ్చిపోవాలని ఉందని ఏ రూపంలో అన్నా, బెదిరింపుగా కొట్టిపారేయకుండా, వారిని ఒంటరిగా వదలకుండా, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఊరి నుంచి నగరానికి వచ్చి, ఇంగ్లిష్ గ్రూప్ డిస్కషన్ అంటే వెనక్కి తగ్గే ఇంజినీరింగ్ విద్యార్థులది మరో రకమైన భయం. జవాబులు బట్టీపట్టడం, ఎవరి కళ్లలోకీ చూడకపోవడం వంటి రక్షణలు ఆ భయాన్ని తగ్గించకుండా నిలబెడతాయి. థెరపీలో వాటిని ఒక్కొక్కటిగా వదిలి చూస్తారు. 18 ఏళ్లు నిండినవారు తమంతట తామే వెళ్లవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వారికి గోప్యత హక్కు ఇచ్చింది. ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప వివరాలు ఇంట్లోవారికి చెప్పరు. అంతకన్నా చిన్నవారి విషయంలో కూడా ‘లోపల ఏం చెప్పావు’ అని గదమాయించి అడగకపోవడం మంచిది.

ఇంట్లో చేయవలసిన వాటిలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఒకటుంది. బంధువులు వచ్చి ‘ఏం చదువుతున్నావమ్మా?’ అని అడిగినప్పుడు పాప తరఫున మీరు జవాబు చెప్పకండి. కాసేపు మౌనంగా ఆగండి. ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఆగండి. తను ఒక్క మాట చెప్పినా, అందరూ వెళ్లాక ‘పెద్దనాన్న అడిగితే నువ్వే చెప్పావు’ అని జరిగినది జరిగినట్టు గుర్తు చేయండి. పక్కింటి పిల్లలతో పోల్చడం పూర్తిగా మానండి.

ఇలాంటి భయాలకు చేసే థెరపీ సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున 12 నుంచి 16 వారాలు పడుతుంది. సగం దూరం వచ్చినా మార్పు కనిపించకపోతే, పద్ధతి మార్చాలా అని థెరపిస్టును నేరుగా అడగండి. ముగింపు దగ్గర సిట్టింగులను నెలకొకటిగా దూరం చేస్తారు. జూన్‌లో బడులు తెరిచే ముందు, కొత్త కాలేజీలో చేరేటప్పుడు పాత భయం కొంత తిరిగి రావచ్చు. అప్పుడు ఆ నోటుపుస్తకం తీసి, కింది మెట్లను ఒకటి రెండు వారాలు మళ్లీ సాధన చేయించండి.