ఒక్క సెట్టు, కదలని రెప్ దాకా

కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్ మెషీన్ మీద తొమ్మిదో రెప్ (బరువుని ఒకసారి నెట్టి దించడం) దగ్గర అక్క, "ఇంక నా వల్ల కాదే" అంది. "కాళ్లు తీయకక్కా, ఇంకొక్కటి" అన్నాను. ఆ తర్వాత ఇంకో ఐదు చేసింది. పదిహేనోది సగంలో ఆగిపోయింది, ఎంత నెట్టినా ప్లేటు కదల్లేదు. మూడు నెలలుగా క్రమం తప్పకుండా జిమ్‌కి వస్తున్న మనిషి, తన కాళ్లలో ఎంత బలం ఉందో ఆ రోజే చూసింది. నాకు 43 ఏళ్లు, తనకి 51. ఒక్క సెట్టునే, అంటే ఆపకుండా చేసే రెప్‌ల ఒక్క వరుసనే, బరువు ఇక కదలనంత దాకా చేసి కండ పెంచే ఈ పద్ధతిని అక్కకి నేర్పినట్టే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కారణం చెబుతాను, ఎందుకంటే అది తెలియకపోతే ఆ చివరి రెప్‌ల దగ్గర మనసు ఒప్పుకోదు. బరువు తేలిగ్గా లేస్తున్నంతసేపు శరీరం కండరంలోని చిన్న మోటార్ యూనిట్లతోనే (ఒక నరం, అది కదిలించే కండపోగులు కలిపి ఒక యూనిట్) పని కానిచ్చేస్తుంది. అవి అలసిపోయేకొద్దీ పెద్దవాటిని పిలుస్తుంది. బాగా పెరగగల కండపోగులు ఉండేది ఆ పెద్దవాటి కిందే. మీరు వేగంగా నెడదామనుకున్నా బరువు నెమ్మదిగానే లేస్తోందంటే అవన్నీ పనిలోకి దిగాయని అర్థం. మొదటి ఏడెనిమిది రెప్‌లు అక్కడికి తీసుకెళ్లే దారి మాత్రమే.

1970లలో ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు నాటిలస్ అనే వ్యాయామ యంత్రాలు తయారుచేసిన ఆర్థర్ జోన్స్. బాడీబిల్డర్ డోరియన్ యేట్స్ సెట్లు తగ్గించి, తీవ్రత పెంచి 1992 నుంచి 1997 దాకా వరుసగా ఆరుసార్లు మిస్టర్ ఒలింపియా అనే పెద్ద బాడీబిల్డింగ్ పోటీ గెలిచాడు. ఒక్క సెట్టుకు మించి చేస్తే వృథా అని కొందరు వాదిస్తారు, నేను దానితో ఏకీభవించను. సెట్లు పెరిగితే కొంతవరకు కండ కూడా ఎక్కువే పెరుగుతుంది. కానీ పెరుగుదలలో పెద్ద వాటా ఆ మొదటి గట్టి సెట్టే ఇస్తుంది. నేను వారానికి ఆరు రోజులు, ఛాతీకి పదహారు సెట్లు చేసిన కాలంలో నా చెస్ట్ ప్రెస్ ఎనిమిది నెలలు 40 కిలోల దగ్గరే ఉంది. ఏ సెట్టులోనూ పూర్తి బలం పెట్టలేదు, ఇంకా పదిహేను మిగిలున్నాయని దాచుకునేదాన్ని. ఇప్పుడు వారానికి రెండు రోజులు, ఒక్కో వ్యాయామానికి ఒక్కటే సెట్టు, కాళ్లకీ వీపుకీ మాత్రం రెండు. జిమ్‌లో ఉండేది 45 నిమిషాలు.

మంగళవారం నా వరుస ఇది: లెగ్ ప్రెస్, చెస్ట్ ప్రెస్, కూర్చుని చేసే రోయింగ్, మోకాలు మడిచే లెగ్ కర్ల్, షోల్డర్ ప్రెస్, చివర్లో పిక్కలకి ఒకటి. శుక్రవారం రోయింగ్ బదులు బార్‌ని పైనుంచి కిందికి లాగే లాట్ పుల్‌డౌన్, లెగ్ కర్ల్ బదులు మోకాలు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్. మధ్యలో రెండు మూడు నిమిషాలు పూర్తిగా విశ్రాంతి. ఊపిరి కుదుటపడకముందే తర్వాతి సెట్టుకి వెళితే కండరం కన్నా ముందు ఊపిరితిత్తులే ఓడిపోతాయి.

అన్నీ మెషీన్లే ఎందుకంటే, ఆగిపోయినప్పుడు బరువు మీద పడదు. మెషీన్ లేకుండా బార్‌బెల్‌తో చేసే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ నాకు చాలా ఇష్టం, అయినా వాటిని ఎప్పుడూ కదలని రెప్ దాకా తీసుకెళ్లను. ఇంకో రెండు చేయగలనన్నప్పుడే ఆపేస్తాను. బార్‌బెల్‌తో బెంచ్ ప్రెస్ అయితే పక్కన స్పాటర్ (ఆగిపోతే బరువు అందుకునే మనిషి) గానీ, ఛాతీ ఎత్తున సేఫ్టీ బార్లు గానీ తప్పనిసరి.

వార్మప్ చిన్నదే కానీ వదలొద్దు. అసలు సెట్టు 80 కిలోలైతే ముందు 30తో పది, తర్వాత 50తో ఐదు, 65తో రెండు. వీటిలో అలసట రాకూడదు.

అసలు సెట్టు. ఎనిమిది నుంచి పన్నెండు రెప్‌ల మధ్య ఆగిపోయే బరువు పెట్టుకోండి. మూడు లెక్కపెడుతూ దించండి. కింద బరువుని తట్టి ఎగరేయొద్దు, ఒక క్షణం నిలిపి నెట్టండి. నెట్టేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆరో రెప్ దగ్గర మంట మొదలవుతుంది. ఎనిమిది దగ్గర తొడలు వణుకుతాయి, మనసు బేరం పెడుతుంది. అక్క "కాదే" అన్న చోటు అదే. అక్కడ చూడాల్సింది రూపం, అంటే శరీరం సరైన తీరులో ఉందా అన్నది: నడుము సీటుకి ఆనే ఉందా, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా? సరిగ్గా ఉంటే ఇంకొకటి చేయండి. రూపం చెదిరితే సెట్టు అయిపోయినట్టే, కండలో ఇంకా బలం మిగిలినా సరే. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే వెంటనే ఆపండి. కండరంలో మంట వేరు, కీలులో నొప్పి వేరు.

ఆగిపోయాక ఎవరో చేయి వేసి ఎత్తించే అదనపు రెప్‌లు వద్దు. ఒకప్పుడు నాకు నేర్పిన ట్రైనర్ ప్రతి సెట్టు చివరా అలా నాలుగు చేయించేవాడు. నా కుడి భుజం నాలుగు నెలలు పైకి లేవలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

ప్రతి సెట్టునీ నోట్‌బుక్‌లో రాయండి. మంచి రూపంతో పన్నెండు దాటాక బరువు పెంచాలి, చేతులకి 2.5 కిలోలు, కాళ్లకి 5. అక్క ఆ రోజు పద్నాలుగు చేసింది కాబట్టి తర్వాతి సారి ఆమెకి 5 కిలోలు వేశాం. వరుసగా రెండుసార్లు అంకెలు తగ్గితే నేను పట్టుదలకి పోను, ఇంకో రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటాను. కండ పెరిగేది విశ్రాంతిలోనే, అందుకే అదే కండరానికి 48 గంటల లోపు మళ్లీ పని పెట్టొద్దు. నిద్ర తగ్గిన వారాన్ని నా నోట్‌బుక్‌లో అంకెలు చూసే గుర్తుపట్టొచ్చు. తిండిలో రోజుకి శరీర బరువులో కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు, 70 కిలోల మనిషికి సుమారు 112 గ్రాములు.

కొత్తవాళ్లు మొదటి రెండు నెలలు ఈ తీవ్రత జోలికి రావొద్దు, తేలిక బరువుతో కదలిక నేర్చుకోండి. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. వ్యాయామం తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా, కండరాలు బాగా వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి చేరే పదార్థం మూత్రపిండాలను పాడుచేయగలదు.

ఈ మంగళవారం అక్క నోట్‌బుక్‌లో: లెగ్ ప్రెస్, 95 కిలోలు, 9 రెప్‌లు, పదోది సగం. శుక్రవారం గడిలో పెన్సిల్‌తో 10 అని తనే రాసి పెట్టుకుంది.