సీటు కవర్లు మార్చే ముందు సీటు కింద చూడండి

పోయిన నెల మొగిలి ఘాట్‌లో మా చిన్నాయన కొడుకు పద్మిని కారు వెనక్కి దొర్లింది. చిత్తూరు నుంచి పలమనేరుకు పోతున్నారు, వాడూ వాడి భార్యా. ఎగువలో ముందున్న లారీ ఆగితే వీడూ ఆపాడు. లారీ కదిలాక ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదులుతుంటే, కూర్చున్న సీటు ఒక్కసారిగా జానెడు వెనక్కి జారింది. కాలు బ్రేకుకు అందలేదు. పట్టు కోసం స్టీరింగ్ పట్టుకుని లాగాడు, ఇంజన్ ఆగిపోయింది, హ్యాండ్ బ్రేక్ అందుకునేలోపే బండి వెనకున్న లారీ బంపర్‌కు గుద్దుకుంది. ఆ అమ్మాయికి భుజం ఎముక విరిగింది. వెనక లారీ అప్పటికే ఆగి ఉంది కాబట్టి అంతటితో పోయింది.

బ్రేకులు బాగున్నాయి. టైర్లు కొత్తవి. వారం రోజుల్లో ఆ బండిలో మారింది ఒక్కటే, సీటు కవర్లు.

బండి ఇంటికి చేరాక టార్చి పెట్టి చూశాం. డ్రైవర్ సీటు స్లైడర్లకు, అంటే సీటు ముందుకూ వెనక్కీ జరిగే పట్టాలకు, నాలుగు బోల్టులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఆ రెండూ పానా లేకుండా చేత్తోనే తిరిగాయి. ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. కొత్త రెగ్జిన్ అంచును ఫ్రేమ్ కిందికి మడిచిన చోట రెండు వేళ్ల వెడల్పు ముక్క ఎక్కువై వేలాడుతోంది. అది లాక్ కడ్డీకీ స్లైడర్ పళ్లకీ మధ్యన ఇరుక్కుంది. సీటు జరిపినప్పుడల్లా టక్కుమని చప్పుడు వచ్చేది, లాక్ పడిందనే అనుకున్నారు. సగమే పడింది.

దసరా దగ్గరికొచ్చింది. ఆయుధపూజకు షెడ్లలోని పాత అంబాసిడర్లు, పద్మినిలు, జీపులు ముస్తాబవుతాయి. తిరుపతి, చిత్తూరు కుషన్ షాపుల్లో పని మీద పని పడుతుంది. ఆ వెంటనే మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కవరు పని అంటే బట్ట పని అనుకుంటాం. కాదు. సీటును బండి నేల నుంచి విప్పి, మళ్లీ నేలకు బిగించే పని అది. ఎవరు కుట్టినా సరే, తిరిగి బిగించిన ప్రతి బోల్టునూ, లాకునూ మీరు స్వయంగా చూసుకోవాలి.

సొంతంగానా, షాపులోనా

నన్నడిగితే కుట్టు షాపుకు ఇవ్వండి, విప్పడం బిగించడం మీరు చేసుకోండి.

ఇంట్లో కుట్టు మిషను ఉంది కదా అని దిగేవాళ్లకు మొదట చెప్పేది, రెగ్జిన్ చీర కాదు. బట్టలో సూది పడ్డ చోటు మళ్లీ మూసుకుంటుంది, రెగ్జిన్‌లో పడ్డ రంధ్రం అలాగే ఉండిపోతుంది. కుట్టు తప్పిందని విప్పి మళ్లీ కుడితే పోస్టల్ స్టాంపు అంచులా తయారై, ఎవరైనా బరువుగా కూర్చున్న రోజు ఆ గీత వెంబడే చిరుగుతుంది. కుట్లు మరీ దగ్గరగా పడినా ఇదే గతి. అంగుళానికి ఆరేడు కుట్లు చాలు. దారం కూడా మామూలు నూలు దారం వద్దు, ఎండకూ చెమటకూ పుచ్చిపోతుంది. పాలిస్టర్, లేదా నైలాన్. పైపింగ్ దగ్గర, అంటే అంచు వెంబడి ఉబ్బెత్తుగా కుట్టే పట్టీ దగ్గర, నాలుగు మడతలు ఒకేసారి మిషను కిందికి వస్తాయి. ఇంటి మిషను అక్కడ తడబడుతుంది, పై మడత ఒకటి జారి మూల వంకర పోతుంది. షాపుల్లో పై మడతనూ కింది మడతనూ కలిపి లాగే పాదం ఉన్న పెద్ద మిషన్లు ఉంటాయి.

అయితే ఏ షాపైనా పనికొస్తుందనుకోవద్దు. తిరుపతిలో ఎక్కువ షాపులు బతికేది కొండకు తిరిగే ట్యాక్సీల మీద. ఇన్నోవాకూ స్విఫ్ట్‌కూ రెడీమేడ్ కవరు తెచ్చి గంటలో తొడిగేస్తారు. తొడిగేవాడు వేరు, కుట్టేవాడు వేరు. పద్మిని తయారీ 2001లో ఆగిపోయింది, అంబాసిడర్‌ది 2014లో. అచ్చంగా సరిపోయే రెడీమేడ్ కవరు వీటికి దొరకడం కష్టం, కొలత తీసి కత్తిరించాల్సిందే. బస్సు సీట్లు, జీపు టాపులు కుట్టి చేయి తిరిగిన పాతవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను వెతకండి. షాపులో గోడకు తగిలించిన నమూనా చూసి మురిసిపోవద్దు, వాళ్లు రెండేళ్ల కింద కుట్టిన బండి ఏదైనా ఉంటే దాని మూలలు చూడండి. రంగు, గీతలు పాతదానికి కలవాలంటే పాత ముక్క ఒకటి జేబులో పెట్టుకుని కార్ల సామాన్ల అంగళ్లుండే చెన్నై జీపీ రోడ్డుకు పోయి రావడం మేలు. స్లైడరో లాక్ స్ప్రింగో పాడైతే అక్కడే చెన్నైలో, పాత బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేటలో వెతకొచ్చు.

వెనక సీటు మెత్త ఒక్కటే అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. చాలా పాత బండ్లలో అది బోల్టు లేకుండానే పైకి లేచి వస్తుంది. తప్పు పడినా ప్రాణం మీదికి రాదు. నేర్చుకోవాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టండి. డ్రైవర్ సీటు మీద నేర్చుకోవద్దు.

విప్పే ముందు

పాత కవరు పారేయకండి. ఎంత చిరిగినా, ఎంత కంపు కొట్టినా, కొత్త కవరుకు కొలత అదే. షాపులో కుర్రాళ్లు తొందరకొద్దీ బ్లేడుతో అడ్డంగా కోసి లాగేస్తారు, ఆ తర్వాత కొలత అందాజా మీదే. కుట్టు వెంబడి విప్పమనండి. ప్రతి ముక్క వెనక చాక్‌పీస్‌తో కుడి, ఎడమ, ముందు, వెనక అని రాయండి. కొత్తది సీటు మీద ఎక్కి, మీరు కూర్చుని చూసుకున్నాకే పాతదాన్ని వదలండి.

లోపల ఏముందో చూడండి. స్ప్రింగులు, వాటి మీద గోనె, ఆ మీద కొబ్బరి పీచో దూదో ఫోమో ఉంటుంది. గోనె చిరిగితే స్ప్రింగు కొన కొత్త ఫోమును ఆరు నెలల్లో తొలిచేస్తుంది. గోనె మార్చకుండా కవరు మార్చడం దండగ. పీచు తడిగా ఉంటే రెండు రోజులు ఎండలో వేయండి. తడి మీద రెగ్జిన్ బిగిస్తే ఆ తడి ఎటూ పోలేక ఫ్రేమ్‌ను తింటుంది.

ఇక బోల్టులు. ప్రతి సీటు బోల్టులూ వాషర్లూ విడివిడి కవర్లలో వేసి, ఎన్ని ఉన్నాయో పైన రాయండి. నాలుగు విప్పితే నాలుగు బిగించాలి. మొగిలిలో దొర్లిన బండికి లేని రెండు బోల్టులు ఆ షాపు నేల మీదే ఎక్కడో పడి ఉంటాయి. ఎవరూ లెక్క పెట్టలేదు, అంతే.

పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అది మారిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం, దాని బోల్టులు అంగుళాల లెక్క. పద్మిని ఫియట్ సంతానం, అది మిల్లీమీటర్ల లెక్క. అరంగుళం తలకు 13 నంబరు పానా కాస్త వదులుగా పడుతుంది, గట్టిగా తిప్పితే మూలలు అరిగిపోతాయి. అంతకన్నా ప్రమాదం, పోయిన బోల్టు బదులు చేతికందిన ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు పట్టించడం. అంగుళంలో 5/16 అనేదీ, ఎనిమిది మిల్లీమీటర్లదీ కంటికి ఒకేలా ఉంటాయి. మర వేరు. రెండు చుట్లు పోయి బిగిసినట్టు అనిపిస్తుంది, లోపల నట్టు మర నలిగిపోతుంది. ఒకరోజు ఊడి వస్తుంది. ఇది మా ఇంటి అంబాసిడర్‌లోనే జరిగింది, నాయన నడుపుతున్నప్పుడు. రేణిగుంట రోడ్డులో మెల్లగా పోతుండబట్టి సరిపోయింది.

బిగించేటప్పుడు

ముందు నాలుగు బోల్టులనూ చేత్తో సగం దాకా ఎక్కించండి. చేత్తో ఎక్కనిది పానాతో ఎక్కించకండి, మర తప్పిందన్నమాట. తర్వాత ఎదురెదురు మూలలుగా బిగించండి. తల మీద 8.8 అని (అది గట్టిదనం గుర్తు) అచ్చున్న ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగువు. ఆ బిగువు కొలిచే టార్క్ పానా లేకపోతే మెకానిక్ దగ్గర ఒక పూటకు తెచ్చుకోండి. స్ప్రింగ్ వాషర్లు కొత్తవి వేయండి.

బోల్టు బిగిసినా నేల గట్టిగా ఉండాలి. కార్పెట్ పూర్తిగా లేపి స్క్రూడ్రైవర్ మొనతో బోల్టు చుట్టూ పొడిచి చూడండి. తుప్పు పట్టి దిగబడితే అక్కడ ఎంత మంచి బోల్టూ ఆగదు. రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. పెద్ద వాషరు వేసి సరిపెట్టడం కుదరదు.

ఇప్పుడు లాక్. కొత్త కవరు అంచులు, దారాలు, కవరును ఫ్రేమ్‌కు పట్టించే రింగుల కొనలు ఏవీ స్లైడర్ వైపు వేలాడకూడదు. ఎక్కువైన ముక్క కత్తిరించండి, మడిచి దాచొద్దు. సీటును పూర్తిగా ముందుకు జరిపి వెనక నుంచి, పూర్తిగా వెనక్కి జరిపి ముందు నుంచి, ఫోన్ కెమెరా కిందికి పెట్టి ఫోటో తీయండి. రెండు స్లైడర్లకూ లాక్ ఉంటే రెండూ పళ్లలో పూర్తిగా దిగాలి. ఒకవైపే లాక్ ఉన్న సీటయితే ఆ ఒక్కదాన్నీ రెండుసార్లు చూడండి. చప్పుడును నమ్మకండి. మా వాడు చప్పుడునే నమ్మాడు.

తర్వాత కూర్చుని, రెండు కాళ్లూ ముందు నేలకు తన్ని, వీపుతో గట్టిగా వెనక్కి నెట్టండి. ఒక గాడిలో కాదు, సీటు ఆగే ప్రతి గాడిలో. ఇంట్లో ఎవరెవరు నడుపుతారో వాళ్లందరూ వాళ్ల గాడిలో నెట్టి చూడాలి.

ఇంకా కొన్ని. ఒక వరుసలో పెట్టి చెప్పేంత ఓపిక లేదు, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

పండగ ముందురోజు సాయంత్రం బండి డెలివరీ తీసుకోకండి. ఆ రోజు షాపులో ప్రతి చేయీ తొందరలోనే ఉంటుంది. నాలుగు రోజుల ముందే తెచ్చుకోండి, లేదా పండగ అయ్యాక ఇవ్వండి. చిరిగిన సీటుతో పూజ చేస్తే తప్పేం లేదు.

"బిగించినామన్నా, చూసుకునే పనేలేదు" అంటారు. పానా పెట్టి చూడండి. వాళ్ల ముందే చూడండి. మొహమాటపడకండి.

రెగ్జిన్ అతికించే సొల్యూషన్ ఆవిరి అంటుకుంటుంది. తలుపులు మూసిన బండిలో పూయకండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగ్ ఏదీ వద్దు.

నేల వెల్డింగ్ చేయించేటప్పుడు సీట్లు, కార్పెట్ బయట ఉండాలి. బ్యాటరీ వైరు విప్పాలి.

వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవాళ్లకు: మీ బ్యాటరీ వెనక సీటు కిందే ఉంది. స్ప్రింగు కుంగి టెర్మినళ్లకు తగిలితే మంట లేస్తుంది. బ్యాటరీ మీద మూత లేకుండా ఆ సీటు తిరిగి పెట్టకండి.

ఫోము కొనేటప్పుడు మెత్తదనం ఒక్కటే చూడకండి. వాహనాల లోపలి సామగ్రి ఎంత వేగంగా అంటుకోవచ్చో చెప్పే ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. ఆ రకం ఉందా అని అడగండి. పరుపుల షాపు మిగులు ఫోము వద్దు.

ఫోము పాతదానికన్నా మందం పెంచకండి. రెండంగుళాలు ఎత్తు పెరిగితే తల పైకప్పుకూ, మోకాలు స్టీరింగ్‌కూ తగులుతాయి. పెడల్ మీద కాలు పడే తీరు మారిపోతుంది.

సీటు బెల్టు ఉన్న బండయితే బకిల్ కవరు కింద మునిగిపోకుండా చూడండి. పాత బండికి కొత్తగా బెల్టు పెట్టించేవాళ్లు పలచటి నేల రేకుకు నేరుగా బోల్టు వేయించకండి. కింద దళసరి ఇనుప రేకు ఉండాలి.

బండి తీసుకునేటప్పుడు సీట్ల కింద చేయి పెట్టి తడమండి. కత్తెర, రింగులు, దారపు ఉండ. వీటిలో ఏదైనా దొర్లి బ్రేకు కిందికి పోవచ్చు.

అదే షాపులో మీ కొత్త కారుకూ కవర్లు వేయిస్తుంటే, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఆ పక్క మూసే కవరు వేయించకండి.

మొదటి వంద కిలోమీటర్లు చదునులోనే నడపండి. తిరిగొచ్చి నాలుగు బోల్టులకూ మళ్లీ పానా పెట్టండి. కొత్త వాషర్లు సర్దుకుని బిగువు తగ్గవచ్చు. మొదటి గట్టి వాన తర్వాత కార్పెట్ లేపి మళ్లీ చూడండి.

ఆ వంద కిలోమీటర్లు కాకముందు భాకరాపేట వద్దు, మొగిలి వద్దు, ఏ ఘాటూ వద్దు.

తర్వాత పలమనేరు వైపు పోయే రోజు, బంగారుపాళ్యంలో టీకి ఆగినప్పుడు ఇంజన్ ఆపి, సీటు కిందికి వంగి లాక్ ఇంకోసారి చూడండి. రెండు వైపులా.