మిడ్‌ఫీల్డర్ అవ్వాలనుకుంటున్నారా? ముందు మెడ తిప్పడం నేర్చుకోండి

ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డ్‌లో, అంటే గ్రౌండ్ మధ్యలో ఆడాలి, ప్రొఫెషనల్ అవ్వాలి అనుకునే పిల్లలు ముందుగా పట్టుకునేది ట్రిక్స్, లాంగ్ పాస్, ఫ్రీ కిక్ ఇలాంటివి. అవన్నీ కావాలి, కాదనను, కానీ మధ్యలో ఆడేవాడికి ఒక ఇబ్బంది ఉంది, అది మిగతావాళ్లకి అంతగా ఉండదు. డిఫెండర్‌కి ఆట దాదాపు మొత్తం కళ్లముందే ఉంటుంది, వింగర్‌కి ఒక పక్క టచ్‌లైన్ ఉంటుంది కాబట్టి అటునుంచి ఎవరూ మీద పడరు, మిడ్‌ఫీల్డర్‌కి మాత్రం నాలుగు పక్కల నుంచీ వస్తారు. 90 నిమిషాల మ్యాచ్‌లో ఒక ప్లేయర్ కాళ్ల దగ్గర బాల్ ఉండేది అంతా కలిపితే ఒకటి రెండు నిమిషాలే. మిగతా టైమంతా బాల్ లేకుండా తిరగడమే కదా, ఆ టైంలో మీరు ఏం చూశారు, ఎక్కడ నిలబడ్డారు అన్నదాన్ని బట్టే మీ కెరీర్ ఎంతదూరం వెళ్తుందో తేలిపోతుంది అని నా గట్టి నమ్మకం.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. పదిహేడేళ్లప్పుడు ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో మా కోచ్ సడన్‌గా విజిల్ వేసి ఆట ఆపేసి, ఎవరూ కదలొద్దు అని, నా దగ్గరికొచ్చి కళ్లు మూసుకోమన్నారు. మన లెఫ్ట్ బ్యాక్ ఎక్కడున్నాడో వేలితో చూపించు అన్నారు. చూపించాను. వాళ్ల పదో నంబర్ ఎక్కడున్నాడు అన్నారు, అదీ చూపించాను. కళ్లు తెరిస్తే లెఫ్ట్ బ్యాక్ నేను చూపించిన చోటుకి ఇరవై అడుగులు ముందుకెళ్లి ఉన్నాడు, పదో నంబర్ అయితే సరిగ్గా నా వెనకే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో. కోచ్ ఒక్క మాట కూడా తిట్టలేదు, మళ్లీ విజిల్ వేశారు అంతే. ఆ రోజు నుంచి ఆడటమే మారిపోయింది నాకు.

కాబట్టి మొదటి పని ఇది, రోజూ పది నిమిషాలు చాలు. ఒక ఫ్రెండ్ మీ ముందు ఓ పది పన్నెండు గజాల దూరంలో బాల్‌తో, ఇంకో ఫ్రెండ్ మీ వెనక అంతే దూరంలో. ముందున్నవాడు పాస్ వేస్తాడు, బాల్ దొర్లుతుండగా మీరు భుజం మీంచి వెనక్కి చూడాలి, వెనకవాడు వేళ్లు చూపిస్తాడు, ఎన్నో గట్టిగా చెప్పాలి, చెప్పాకే బాల్ తీసుకోవాలి. మొదటి వారం బాల్ కాలికింద నుంచి పోతూనే ఉంటుంది, పోనివ్వండి. అలవాటయ్యాక వెనకవాడు నిలబడి ఉంటే తిరగాలి, మీదకి పరిగెత్తుకొస్తే ఒక్క టచ్‌లో వెనక్కి ఇచ్చేయాలి, ఇలా మార్చుకోండి. ఇందులో అసలు విషయం టైమింగ్. బాల్ పాస్ చేసేవాడి కాలికి తగిలే క్షణంలో మాత్రం బాల్ మీదే చూపు ఉండాలి, అది ఎటు ఎంత స్పీడ్‌గా వస్తోందో అప్పుడే తెలుస్తుంది, దానికి ముందు ఒకసారి, అది దారిలో ఉండగా ఇంకోసారి వెనక్కి చూడాలి. తల ఊరికే ఊపితే కాదు, ఏం కనిపించిందో మనసులో పడాలి, అందుకే నంబర్ బయటకి చెప్పమనేది.

ఇంకోటి, నిలబడే తీరు. బాల్ వచ్చేవైపు ఛాతీ పెట్టి నిటారుగా నిలబడితే వెనక సగం గ్రౌండ్ మీకు లేనట్టే. కొంచెం పక్కకి తిరిగి ఉండి, దూరంగా ఉన్న కాలితో బాల్ తీసుకుంటే ఆ మొదటి టచ్‌తోనే ముందుకి తిరిగిపోతారు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ సెర్జియో బుస్కెట్స్ ఆట ఎక్కడైనా దొరికితే బాల్‌ని చూడకుండా పది నిమిషాలు ఆయన తలనీ పాదాల్నీ మాత్రమే చూడండి. ఆయనకి పెద్ద స్పీడ్ లేదు, అయినా 2008లో బార్సిలోనా బి టీమ్ నుంచి కోచ్ గ్వార్డియోలా పైకి తీసుకొస్తే రెండేళ్లలో ఛాంపియన్స్ లీగ్, వరల్డ్ కప్ రెండూ గెలిచేశాడు. నార్వేలో గేర్ యోర్డెట్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఇదే పనిగా, బాల్ రాకముందు ప్లేయర్లు ఎన్నిసార్లు తల తిప్పి చూస్తున్నారో వీడియోల్లో లెక్కపెట్టాడు, ఎక్కువ చూసేవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరిగ్గా చేరుతున్నాయని తేలింది, ఆ లెక్కల్లో బాగా పైన ఉన్నవాళ్లలో ఫ్రాంక్ లాంపార్డ్ ఒకడు. మిడ్‌ఫీల్డర్ అయ్యుండి ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో 177 గోల్స్ కొట్టాడంటే బాక్స్‌లోకి ఎప్పుడు దూరాలో ముందే చూసుకోబట్టే అనిపిస్తుంది నాకు.

సరే, ఏ మిడ్‌ఫీల్డర్? డిఫెన్స్ ముందు నిలబడి ఆటని కాపు కాసేవాడు 6, రెండు బాక్సుల మధ్య తిరిగేవాడు 8, స్ట్రైకర్ వెనక ఉండి గోల్స్ చేయించేవాడు 10 అని మామూలుగా అంటారు. పదిహేను పదహారేళ్లకే నేను 10 మాత్రమే ఆడతాను అని కూర్చోకండి, ఇది నా రిక్వెస్ట్. ఇటలీ ప్లేయర్ ఆండ్రియా పిర్లో మొదట్లో 10గానే ఆడేవాడు, ఇంటర్ క్లబ్‌లో చోటు దొరకలేదు, 2001లో లోన్ మీద, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి ఆడటానికి, బ్రెషియాకి వెళ్తే అక్కడ ఆ చోట్లో ఎవరున్నారంటే ఇటలీ పెద్ద స్టార్ రాబర్టో బాజ్జో! అప్పుడు కోచ్ కార్లో మాజ్జోనే అతన్ని వెనక్కి తీసుకెళ్లి డిఫెన్స్ ముందు పెట్టాడు, అక్కడ టైం ఎక్కువ దొరికింది, గ్రౌండ్ మొత్తం కనపడింది, అదే చోట్లో ఆడుతూ 2006లో వరల్డ్ కప్ ఎత్తాడు. జర్మనీ ప్లేయర్ ష్వైన్‌స్టైగర్ కూడా అంతే, వింగ్ మీద ఆడేవాణ్ణి బయర్న్‌లో కోచ్ వాన్ గాల్ మధ్యలోకి తెచ్చాక అసలైన ప్లేయర్ అయ్యాడు. కోచ్ మీ పొజిషన్ మార్చాడంటే పనిష్మెంట్ అనుకోకండి, ఎందుకు మార్చారో, ఆ చోట్లో మీ నుంచి ఏం కావాలో నేరుగా అడగండి, ఒక పది మ్యాచ్‌లు మనసుపెట్టి ఆడి చూడండి.

ఒడ్డూ పొడుగూ గురించి దిగులు పడేవాళ్లకి ఒక మాట. క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోద్రిచ్‌ని చిన్నప్పుడు బక్కగా ఉన్నాడని వద్దన్నారు, ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటేని పొట్టిగా ఉన్నాడని అకాడమీలు తీసుకోలేదు. కాంటే 22 ఏళ్లప్పుడు ఇంకా ఫ్రాన్స్ థర్డ్ డివిజన్‌లోనే ఆడుతున్నాడు, తర్వాత 2016లో లెస్టర్‌తో, 2017లో చెల్సీతో వరసగా ఇంగ్లాండ్ లీగ్ గెలిచి, 2018లో వరల్డ్ కప్ కూడా గెలిచాడు. పైగా ఒకే వయసు గ్రూపులో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది, పద్నాలుగేళ్లప్పుడు ఆ తేడా చాలా పెద్దది, అందుకే ముందు నెలల్లో పుట్టినవాళ్లే సెలెక్షన్లలో ఎక్కువ కనిపిస్తారు. ఒక ట్రయల్‌లో పోయిందంటే మీ ఆట పోయినట్టు కాదు.

18 నుంచి 22 ఏళ్ల దాకా చూసుకోవాల్సింది క్లబ్ పేరు కాదు, ఆడే నిమిషాలు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పెద్ద క్లబ్ బెంచ్ మీద కూర్చుని మిడ్‌ఫీల్డ్ నేర్చుకోవడం కుదరదు, ఎందుకంటే ఈ పొజిషన్‌లో నేర్చుకునేదంతా నిజం మ్యాచ్ ఒత్తిడిలోనే వస్తుంది. మోద్రిచ్‌ని 18 ఏళ్లకి డినమో జాగ్రెబ్ వాళ్లు లోన్ మీద బోస్నియా లీగ్‌లో జ్రిన్స్కి మోస్టార్‌కి పంపారు, తన్నులూ తోపులాటలూ ఎక్కువగా ఉండే లీగ్ అది, బక్క పిల్లోడు అక్కడే ఆ సీజన్ బెస్ట్ ప్లేయర్ అయ్యి వచ్చాడు. లోన్‌కి వెళ్లేముందు మూడు అడగండి: ఆ టీమ్ ఏ షేప్‌లో ఆడుతుంది, మీ పొజిషన్‌లో ఇప్పటికే ఎంతమంది ఉన్నారు, మిమ్మల్ని కావాలన్నది కోచేనా లేక ఆఫీసులో ఎవరోనా. మూడోది చాలా ముఖ్యం, కోచ్ అడగని ప్లేయర్ రెండు మ్యాచ్‌లు పోగానే బయటుంటాడు.

ఒంటి సంగతి. మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కి సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు, అయితే అది జాగింగ్‌లా ఒకే స్పీడ్ కాదు, ఆగడం, తిరగడం, ఐదారు గజాలు ఒక్కసారిగా పరిగెత్తడం, మళ్లీ ఆగడం. కాబట్టి ఊరికే రౌండ్లు కొడితే సరిపోదు, చిన్న గ్రౌండ్‌లో నలుగురు నలుగురు ఆడే గేమ్స్ దీనికి బెస్ట్. గజ్జలూ తొడ వెనక కండరాలూ ముందు దెబ్బతింటాయి, ఫిఫా వాళ్ల 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఫ్రీగా దొరుకుతుంది, వారానికి కనీసం రెండుసార్లు చెయ్యండి, బోర్ కొట్టినా చెయ్యండి. ఇక మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్ తెగితే తొందరపడకండి, తొమ్మిది నెలలు అంటే తొమ్మిది నెలలే. స్పెయిన్ మహిళల టీమ్ మిడ్‌ఫీల్డర్ అలెక్సియా పుటెయాస్‌కి 2022 జులైలో యూరో టోర్నమెంట్ మొదలవ్వడానికి ముందు రోజు అది తెగింది, అప్పటికే ఏటా బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే బాలన్ డోర్ గెలిచిన మనిషి, 2023 ఏప్రిల్ దాకా మ్యాచ్ ఆడలేదు, ఆగస్టులో వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో ఉంది. ఆడలేని ఆ నెలల్లో మ్యాచ్ వీడియోలు చూడటం, నోట్స్ రాసుకోవడం మాత్రం ఆపకండి, మోకాలు బాగవుతున్నంతసేపూ కళ్లకి ప్రాక్టీస్ అవుతూనే ఉంటుంది.

కాంట్రాక్ట్ దగ్గర చాలామంది ఆటలో చూసినట్టు ముందు చూడరు, అక్కడే దెబ్బ తింటారు. ఫిఫా రూల్స్ ప్రకారం మామూలుగా కాంట్రాక్ట్ ఐదేళ్లు మించకూడదు, 18 లోపు వాళ్లకైతే మూడేళ్లు. చివరి ఆరు నెలల్లోకి వచ్చాక వేరే క్లబ్‌తో సంతకం చేసుకునే హక్కు మీకు ఉంటుంది, గడువు అయ్యాక ఫ్రీగా వెళ్లిపోవచ్చు, ఈ ఫ్రీగా వెళ్లే దారి తెరిచింది 1995లో బోస్మన్ అనే ప్లేయర్ కేసులో యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పు. అలాగే మెడికల్ పాసైతేనే కాంట్రాక్ట్ చెల్లుతుంది అని రాయకూడదు, మెడికల్ ఏదైనా సంతకానికి ముందే అయిపోవాలి. 18 నిండకుండా వేరే దేశం క్లబ్‌కి మారడం కొన్ని మినహాయింపులు తప్ప కుదరదు, కాబట్టి పదహారేళ్ల పిల్లాడికి ఫారిన్ క్లబ్‌లో సీటు ఇప్పిస్తా, ముందు ఇంత కట్టండి అని ఎవడైనా వస్తే అమ్మానాన్నలు దయచేసి అక్కడే ఆగిపోండి. మిమ్మల్ని నిజంగా కావాలనుకున్న క్లబ్ మీకు డబ్బులిస్తుంది కానీ మీ దగ్గర తీసుకోదు. ఏజెంట్‌కి ఫిఫా లైసెన్స్ ఉందో లేదో చూడండి, ఏ కాగితమైనా ఇంటికి తీసుకెళ్లి లాయర్‌కి చూపించాకే సంతకం, ఇప్పుడే ఇక్కడే పెట్టాలి అన్నారంటే అసలే పెట్టొద్దు.

ముప్పై దాటాక స్పీడ్ తగ్గుతుంది, కానీ ఈ పొజిషన్‌లో ఉన్న అదృష్టం ఏంటంటే చూపు తగ్గదు. పిర్లో 32 ఏళ్లకి మిలాన్ వదిలి ఫ్రీగా యువెంటస్‌కి వెళ్లి వరసగా నాలుగు లీగ్‌లు గెలిచాడు, మోద్రిచ్ 33 ఏళ్లకి బాలన్ డోర్ తీసుకున్నాడు, 2025లో 39 ఏళ్లకి రియల్ మాడ్రిడ్ నుంచి మిలాన్‌కి వెళ్లాడు. ఆ వయసులో ఎక్కడ పరిగెత్తాలి అన్నదానికంటే ఎక్కడ పరిగెత్తక్కర్లేదు అన్నది తెలియాలి. కోచింగ్ లైసెన్స్ పని కూడా ఆడుతుండగానే మొదలుపెట్టండి. గ్వార్డియోలా, ఆంచెలోట్టి, షాబి అలోన్సో అందరూ మిడ్‌ఫీల్డర్లే, అలోన్సో 2017లో ఆట ఆపేసి చిన్నగా కుర్రాళ్ల టీమ్‌ల దగ్గర మొదలుపెట్టి 2024లో జర్మనీ క్లబ్ లెవర్‌కూసెన్‌ని ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్ చేశాడు.

వెనక్కి చూసే ఈ అలవాటు కోసం ఇవాళ్టి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి మ్యాచ్ అయ్యాక స్నానానికి ముందే, ఇంకా చెమట ఆరకుండానే, బాల్ పోగొట్టుకున్న మూడు సందర్భాలు రాయండి, పక్కన ఒక్క ముక్క: బాల్ వచ్చే ముందు వెనక్కి చూశానా, లేదా.